అంజలికి ఏం వచ్చు, ఏం రాదు

మా తోడికోడలి కూతురు రేవతి గోడ పట్టుకుని లేచి నిలబడిన రోజున నా గుండెల్లో రాయి పడ్డట్టయింది. రేవతి మా అంజలి కంటే రెండు నెలలు చిన్నది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ నా కళ్లు మాత్రం చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తున్న నా కూతురి మీదే ఉన్నాయి. అప్పటికి అంజలికి పదకొండు నెలలు. ఇంకా కూర్చోవడం కూడా రాలేదు. పక్క పిల్ల నిలబడితే ఏడుపొచ్చిందని రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి దాచుకుని నేను చాలా కాలం పోగొట్టుకున్నాను.

మాది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నా భర్త మస్తానయ్య ఫైబర్ బోటులో వేటకు పోతాడు. నేను చేపల గంప ఆటోలో వేసుకుని కోట, గూడూరు వైపు తిరిగి అమ్ముకొస్తాను. ఇంటర్ దాకా చదివాను. ఆ చదువు ఇన్నాళ్లూ బేరగాళ్లతో వాదించడానికే పనికొచ్చింది. అంజలిని సగం నేను పెంచితే సగం మా అత్త పోలమ్మ పెంచింది. మా అత్తకు నోరెక్కువ అని ఊళ్లో పేరుంది. నా నోరు విన్నవాళ్లు మాత్రం ఆమెను పల్లెత్తు మాట అనరు.

"వాళ్ల నాయన గూడా ఇంతే, మూడేళ్లకు మాట్లాడినాడు. ఊరికే బెంగ పెట్టుకోబాకమ్మే" అని మా అత్త నాకు సర్దిచెప్పింది. ఆ మాట పట్టుకుని ఇంకో నాలుగు నెలలు గడిపాను. టీకా వేయడానికి వచ్చిన నర్సు అంజలిని ఎత్తుకుని, మెడ, నడుము పట్టి చూసి, కారణం చెప్పకుండా "నెల్లూరు తీసుకుపోయి పిల్లల డాక్టరుకు చూపించక్కా" అంది. ఆమె కారణం చెప్పకపోవడమే నన్ను బస్సు ఎక్కించింది.

నెల్లూరులో పిల్లల డాక్టరు గారు చాలా టెస్టులు రాశారు. థైరాయిడ్ చూశారు, నార్మల్. వినికిడి తెలుసుకోవడానికి బెరా టెస్టు అన్నారు, అదీ నార్మల్. తలకు ఎమ్మారై తీశారు, ఏమీ కనబడలేదన్నారు. ప్రతి రిపోర్టులో నార్మల్ అని చూసినప్పుడల్లా మస్తానయ్య ముఖం వెలిగేది. అన్నీ నార్మల్ అయితే మరి నా బిడ్డ ఎందుకు కూర్చోదు అని నేను లోపల్లోపల కుమిలిపోయేదాన్ని.

"దీన్ని గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే అంటామమ్మా. అంటే కూర్చోవడం, నడవడం, మాట, తెలివి అన్నీ ఆలస్యంగా వస్తున్నాయని. ఐదేళ్లలోపు పిల్లలకు ఈ పేరే పెడతాం. ఐదు దాటినాక ఐక్యూ టెస్టు చేసి అప్పుడు సరైన పేరు రాస్తాం" అన్నారు డాక్టరు గారు.

"ఏడో నెలలో గూడా గంప మోసినాను సార్. అందువల్లనా?" అని అడిగాను. అది నేను మూడు నెలలుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న.

ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగారు. "కాదు. చాలామంది పిల్లల్లో కారణం దొరకదు. దొరకలేదంటే అమ్మది తప్పని కాదు. ఇది జబ్బు కాదు, కాబట్టి నయం చేసే మందు లేదు. నేర్పించడమే మందు" అన్నారు. గూడూరు వచ్చేదాకా బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా తప్పు కాదన్నందుకు ఏడ్చానో, మందు లేదన్నందుకు ఏడ్చానో ఈ రోజుకీ చెప్పలేను.

వారానికోసారి ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం. అంజలి రెండేళ్ల ఎనిమిది నెలలకు నడిచింది. అదీ ఇసుకలో. మూడడుగులు వేసి పడి, లేచి మళ్లీ నాలుగడుగులు వేసింది. మూడున్నరేళ్లకు మొదటి మాట "అవ్వ" అంది. తొమ్మిది నెలలు మోసింది నేను, పిలుపు మా అత్తకు దక్కింది. మా అత్త వారం రోజులు ఊరంతా నడుం మీద చెయ్యేసుకుని తిరిగింది.

అంజలికి ఐదున్నరేళ్లు వచ్చాక డాక్టరు గారు సైకాలజిస్టు దగ్గరికి పంపారు. నేనూ మా అత్తా తీసుకెళ్లాం. ఆమె పేరు వసుధ. చిన్న వయసు, చిన్న గొంతు. అసలు టెస్టు కంటే ముందు ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి ఏం చేయబోతుందో చెప్పింది. అంతవరకు ఆసుపత్రిలో నాతో అలా ఎవరూ మాట్లాడలేదు.

"మూడు చూస్తామమ్మా. మొదటిది, పాప ఎలా ఆలోచిస్తుంది, ఎలా నేర్చుకుంటుంది. దానికి ఐక్యూ టెస్టు. రెండోది, తన వయసు పిల్లలు రోజూ చేసుకునే పనులు తను చేసుకోగలదా. తినడం, స్నానం, మాట్లాడటం, అపాయం తెలుసుకోవడం లాంటివి. దీన్ని అడాప్టివ్ బిహేవియర్ అంటాం. మూడోది, ఈ ఇబ్బంది చిన్నప్పటి నుంచే ఉందా. మొదటి రెండింట్లో వెనకబడి, అది చిన్నప్పటి నుంచీ ఉంటేనే ఇంటలెక్చువల్ డిసెబిలిటీ, అంటే బుద్ధి వైకల్యం అని రాస్తాం. ఐక్యూ అంకె ఒక్కటే చూసి రాయకూడదు. ఎంత మేరకు ఉంది, కొద్దిగా అంటే మైల్డా, మధ్యస్థంగా అంటే మోడరేటా, తీవ్రంగా అంటే సివియరా, మరీ తీవ్రంగా అంటే ప్రొఫౌండా అనేది రెండోదాన్ని బట్టే ఎక్కువగా చెబుతాం. దానికి మీ జవాబులే నాకు ఆధారం."

ఐక్యూ టెస్టులో అంజలి నోరు తెరవలేదు. ఆ చల్లటి గదిలో, కొత్త మనిషి ముందు, బొమ్మలు చూపిస్తుంటే నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది. తరువాత మేడం మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది.

"పాప తనే తింటుందా?"

"యాడ తింటాది మేడం. నేనే పెట్టాల" అంది మా అత్త.

నేను ఉలిక్కిపడ్డాను. అంజలి చేప ముల్లు తీసుకుని మరీ తింటుంది.

"గౌను తనే వేసుకుంటుందా?" "లేదు." "బాత్రూముకు వెళ్లాలని చెబుతుందా?" "చెప్పదు." "నిప్పు, నీళ్లు లాంటివి అపాయమని తెలుసా?" "దానికేం తెలుసు మేడం, పిచ్చితల్లి."

ఒక్కదానికీ మా అత్త అవునని అనలేదు. నేను పక్కనే కూర్చుని ఒక్కదానికీ కాదని అనలేదు. ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా పల్లెలో బయటి మనుషుల ముందు బిడ్డను గురించి మంచిగా చెప్పరు. పాప బాగా తింటుందా అంటే ఏం తింటుందమ్మా, రెండు ముద్దలు అంటారు. ఒళ్లు చేసిందే అంటే ఎక్కడ, ఎండిపోయింది అంటారు. చేస్తుందని నోటితో అన్నామా, దిష్టి తగిలి ఆ చేసేది కూడా పోతుందని భయం. అందులోనూ మూడున్నరేళ్లకు మాట వచ్చిన పిల్ల. వచ్చిన ఆ నాలుగు పనులూ మేము దాచిపెట్టుకున్నాం. ఇంటర్ చదివిన నాక్కూడా ఆ గదిలో నోరు పెగల్లేదు.

రిపోర్టు వచ్చింది. అందులో "సివియర్" అని రాశారు.

ఆ మాటను మేమే చెప్పి రాయించామని నాకు తెలుసు. అయినా ఆసుపత్రి ముద్రతో చూసేసరికి నమ్మేశాను. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు నా కళ్లతో చూసింది చిన్నదైపోయింది. రేవతితోపాటు ఒకటో తరగతిలో వేద్దామని బడికి తీసుకెళ్తే, రిపోర్టు చూసి హెడ్మాస్టరు ఇబ్బందిగా నవ్వారు. "సివియర్ అంటే క్లాసులో కష్టమమ్మా. వారానికోసారి టీచరే ఇంటికొస్తుంది" అన్నారు. ఆయనదీ తప్పు కాదు, ఆయన చేతిలో ఉన్న కాగితంలో అలాగే ఉంది. రేవతి కొత్త బ్యాగు వేసుకుని బడికి పోతుంటే అంజలి గడప మీద కూర్చుని చూసేది.

ఆ తరువాత నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. పిల్లకు చేతకాదని రాశారు కదా అని అన్నీ నేనే చేయడం మొదలుపెట్టాను. ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. గౌను నేనే తొడిగాను. మొదట్లో నా చెయ్యి తోసేసి "నేను, నేను" అనేది. కొన్నాళ్లకు ఊరుకుంది. ఇంకొన్నాళ్లకు కంచం ముందు పెట్టినా చెయ్యి కదపకుండా నోరు తెరిచి కూర్చునేది. ఆరు నెలల్లో నా బిడ్డను ఆ రిపోర్టులో ఉన్నట్టు తయారుచేశాను. నేను చచ్చాక దీనికి ఎవరు ముద్ద పెడతారు అని నాకు బెంగ పట్టుకుంది. ఆ బెంగను పెంచి పోషిస్తున్నది నా చెయ్యేనని తోచలేదు.

మరుసటి ఏడాది మా ఊరి బడిలో ఇలాంటి పిల్లల కోసం క్యాంపు పెట్టారు. వసుధ మేడం వచ్చింది. గంపతో బడి ముందు నుంచి పోతున్న నన్ను గుర్తుపట్టి "అంజలి ఎక్కడమ్మా?" అంది. ఇంటికి తీసుకెళ్తే తలుపు దగ్గరగా వేసి ఉంది. బోట్లు వచ్చే వేళ, మా అత్త ఒడ్డుకు పోయి ఉంటుందని అటు నడిచాం. మేడం చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో వచ్చింది.

వల దులిపిన కుప్ప ముందు మా అత్త గొంతుక్కూర్చుని ఉంది. పక్కనే అంజలి. దాని చేతులు చకచకా ఆడుతున్నాయి. రొయ్యలు ఒక గంపలోకి, కవళ్ల చేపలు ఒక గంపలోకి, కానాగంత చేపలు ఇంకో గంపలోకి పోతున్నాయి. పీతను వెనక నుంచి పట్టుకుని గిన్నెలో వేసింది. జెల్ల చేప కనబడగానే చెయ్యి వెనక్కి తీసుకుని "అవ్వా, ముల్లు" అంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే పెద్దవాళ్లకే రోజంతా సలుపుతుంది.

నాకు అప్పుడే తెలిసింది. నేను గంపతో ఆటో ఎక్కగానే మా అత్త దాన్ని రోజూ ఒడ్డుకు తెచ్చుకుంటోందట. నాకు చెబితే వద్దంటానని చెప్పలేదట.

మేడం దాదాపు అరగంట అంజలి చేతులనే చూసింది. తరువాత మా అత్త పక్కన ఇసుకలోనే కూర్చుంది. "అవ్వా, ఇదెవరు నేర్పించారు?"

"ఎవురు నేర్పిస్తారు? చూసి చూసి నేర్చుకునింది."

"మరి అపాయం తెలుసా అని నేనడిగితే దానికేం తెలుసు అన్నారే?"

మా అత్త దొరికిపోయింది. చేతిలో చేపను అటూ ఇటూ తిప్పింది. "ముక్కూ మొగం తెలవనోళ్ల ముందర బిడ్డ చేస్తాదని ఎట్ట చెప్తాం మేడం? దిష్టి తగలదా? నీ కాయితంలో అంత పని జరుగుతాదని నాకేం తెలుసు. ఆ కాయితం నేను సదవలా. సదివిన ఈ మహాతల్లి బిడ్డను కొయ్యబొమ్మ చేసి కూర్చోబెట్టింది" అని నా వైపు గడ్డం ఊపింది.

మేడం మమ్మల్ని ఎక్కడ కసురుతుందో అనుకున్నాను. నాకైతే ఎవరైనా అబద్ధం చెప్పి నా పని చెడగొడితే గంప ఎత్తి కొట్టేంత కోపం వస్తుంది. ఆమె మాత్రం, "పొరపాటు నాది. చెప్పండి అన్నాను, చూపించండి అనాల్సింది. ఆ రిపోర్టు సరిగా లేదు. మళ్లీ చేసి వేరేది రాస్తాను" అంది.

అంత చదువుకున్న మనిషి ఒడ్డు మీద ఇరవై మంది ఆడవాళ్ల ముందు తను రాసింది తప్పని చెప్పడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆ క్షణాన ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ అణువంతైనా తగ్గలేదు.

ఆమె చెప్పినట్టే రెండు ఆదివారాలు మా ఇంటికొచ్చింది. మా అత్త ఒక షరతు పెట్టింది. బిడ్డ ఏదైనా చేసి చూపించిన ప్రతిసారీ తను దిష్టి తీయాలి. మేడం ఒప్పుకుంది. అంజలి గౌను వేసుకుని చూపిస్తే మా అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల ఘాటుకు మేడం దగ్గుకుంటూనే రాసుకునేది. అన్నం తిని చూపించాక మళ్లీ ఉప్పు, మళ్లీ దగ్గు. మూడోసారి మేడమే "అవ్వా, తీసేశారా? ఇంక అడగనా?" అని నవ్వింది.

రేవతిని కూడా పిలిచి అవే పనులు చేయమంది. "ఈ ఊళ్లో ఈ వయసు పిల్లలు ఏం చేస్తారో దాంతోనే పోల్చి చూడాలమ్మా. నెల్లూరు పిల్లలతో కాదు" అంది. చేపలు ఏరడంలో అంజలి రేవతికి తీసిపోలేదు. కానీ పీతలు ఎన్ని అంటే రేవతి ఇరవై దాకా లెక్కపెట్టింది, అంజలి "రెండు" అని ఆగిపోయింది. ఎన్నున్నా రెండే. రేవతి నిన్న ఏం జరిగిందో కథలా చెప్పింది. అంజలికి నిన్న, రేపు తెలియవు. ఇంట్లో కాబట్టి ఈసారి ఐక్యూ టెస్టుకు కూడా జవాబులు చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు లోపల ఒక ఆశ పుట్టింది. మొదటి రిపోర్టు తప్పైతే అసలు ఏమీ లేదేమో, మేడం ఈసారి నార్మల్ అని రాస్తుందేమో అని. రెండో ఆదివారం మేడం నన్ను పక్కకు పిలిచింది. "ఇంటలెక్చువల్ డిసెబిలిటీ ఉందమ్మా. సివియర్ కాదు, మోడరేట్."

"అంత బాగా చేసింది గదా మేడం, ఏమీ లేదని రాయకూడదా?" అని అడిగేశాను.

"రాస్తే అదీ మొదటిసారి జరిగిన తప్పులాంటిదే. అప్పుడు వచ్చినవి రావని రాశాం. ఇప్పుడు రానివి వచ్చని రాస్తే, బడిలో తనకు కావాల్సిన సాయం ఎవరూ చేయరు. అర్థం కాని క్లాసులో కూర్చుని తిట్లు తింటుంది" అంది మేడం. నేను ఏడుస్తుంటే నా పక్కనే నిలబడింది. ఊరుకోమని అనలేదు. కాసేపటికి, "చేతులు కడుక్కోవడం, స్నానం, దుకాణానికి వెళ్లి రావడం అన్నీ నేర్చుకోగలదు. ఆలస్యమవుతుంది, కానీ నేర్చుకుంటుంది. మీరు చెయ్యి అడ్డం పెట్టకపోతే" అంది.

కొత్త రిపోర్టుతో అంజలి బడిలో చేరింది. స్పెషల్ టీచరు వారానికి రెండు రోజులు వచ్చేది. నేను పోగొట్టినవి తిరిగి నేర్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. కంచం ముందు పెట్టి నా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేదాన్ని. అది నోరు తెరిచి ఏడుస్తుంటే నేనూ ఏడుస్తూ కూర్చునేదాన్ని, కానీ పెట్టలేదు. పన్నెండేళ్లప్పుడు పెద్దమనిషి అయింది. ప్యాడ్ మార్చుకోవడం నేర్పడానికి ఏడాది పట్టింది. స్పెషల్ టీచరు బొమ్మలు గీసి గోడకు అంటించి ఒక్కో అడుగూ నేర్పింది. ఆ టీచరు ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు అంజలికి పద్నాలుగేళ్లు. వీధి చివరి దుకాణానికి ఒక్కతే పోయి, ఖాళీ కవరు చూపించి అదే సరుకు తెస్తుంది. చిల్లర తెలియదు. బస్సులో ఒంటరిగా పంపలేం. కోపం వస్తే మాట రాక చేతులు కొరుక్కుంటుంది. మా అత్తకు మోకాళ్లు పట్టేసి ఒడ్డుకు పోలేకపోతే, ఆమె కాళ్లకు నూనె రాసేది అంజలే. నేను పోయాక దీనికి ఎవరు అనే బెంగ నాకు పూర్తిగా తీరలేదు. మునుపటంత మాత్రం లేదు.

పోయిన నెల మళ్లీ రీ-అసెస్‌మెంటుకు వసుధ మేడం దగ్గరికి వెళ్లాం. ఈసారి నేను తెలివిగా, వారం రోజులు అంజలిని గమనించి, తనే చేసేవి, సాయంతో చేసేవి, చేయలేనివి నోటుబుక్కులో రాసుకెళ్లాను. అంజలిని పక్కన కూర్చోబెట్టుకుని గడగడా చదువుతున్నాను. "స్నానం తనే చేస్తుంది. బట్టలు తనే ఉతుక్కుంటుంది. జడ తనే వేసుకుంటుంది."

"లేదు" అంది అంజలి.

నేను చదవడం ఆపాను. అది నా వైపు చూడలేదు, మేడం వైపే చూసింది.

"జడ రాదు. అమ్మ ఏస్తాది. స్నానం నేనే."

అవును. పాయలు తీసి ఇస్తే మొదటి రెండు మెలికలు వేస్తుంది, తక్కినది నేనే వేస్తాను. ఆ రెండు మెలికలు చూసి మురిసిపోయి జడంతా రాసేశాను. ఒకప్పుడు దిష్టికి భయపడి తక్కువ చెప్పాం, ఇప్పుడు ముచ్చటపడి ఎక్కువ రాశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పింది మా ఇంట్లో అదొక్కతే. మేడం పెన్ను తీసుకుని, "థాంక్యూ అంజలీ. ఇంకా ఏం వచ్చో, ఏం రాదో నువ్వే చెప్పు" అని కుర్చీ దాని వైపు తిప్పుకుంది.

ఇలాంటి బిడ్డలున్న తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. టెస్టుకు పోయే ముందు వారం రోజులు బిడ్డ ఏం చేస్తుందో, ఏం చేయలేదో మీ కళ్లతో చూసి ఒక పుస్తకంలో రాయండి. రాసింది తీసుకెళ్లి డాక్టరుకు ఇచ్చే ముందు బిడ్డకు చదివి వినిపించండి. మాట రాని బిడ్డ అయితే ఆ పని చేయమని అడిగి, ఏం చేస్తుందో చూడండి. తప్పు రాస్తే తనే దిద్దుతుంది.